షావుకారు కారుకు నేను పెట్టిన మెరుగు

ఆ షెడ్డు వాకిట్లో తెల్లగీత ఏందే రాహేలూ అని వచ్చిన కాడి నించి అడుగుతానే ఉన్నారు. చెప్తాలే, ముందు టీ తాగండి, చల్లారిపోతాది. విన్నంక నవ్వుకోండి, నేనేమీ అనుకోను. పలకల ఫ్యాక్టరీలో ఆడోళ్లంతా నవ్వి నవ్వి ఇప్పటికే అలిసిపోయినారు. ఆ గీత నా కోసమే గీసినారు. దానికంతా కారణం నా కోడిపెట్ట. అబద్ధమెందుకులే అక్కా, కోడి చేసింది కొంచెమే. మిగిలిందంతా నా చేతులే చేసినాయి.

మా ఆయన సంగతి మీకు తెలుసు గదా. నిరుడు దాకా పలకరాయి గనిలో పని. ఇంటికొస్తే కనురెప్పల మీద గూడా దుమ్మే. పడుకుంటే దగ్గు, లేస్తే దగ్గు, నాలుగు ముద్దలు తినేలోపల దగ్గు. ఆస్పత్రి డాక్టరమ్మ గొట్టం పెట్టి చూసి, "దానియేలూ, ఆ దుమ్ములోకి మళ్ల పోతే నా మందు పనిచెయ్యదు" అని మొకం మీదే చెప్పేసింది. ఏం చెయ్యాల్నో తెలీక ఇద్దరం కూర్చొని ఏడ్చినాం. అదే సమయానికి మా ఫ్యాక్టరీ షావుకారు శెట్టిగారు మద్రాసు నించి కారు తెప్పించినాడు. మా ఆయన చిన్నప్పుడు గిద్దలూరు బస్సు మీద క్లీనరుగా ఉండి డ్రైవింగు నేర్చుకున్నాడని ఎవరో చెబితే, పిలిచి స్టీరింగు చేతిలో పెట్టినాడు. ఉండేదానికి ఫ్యాక్టరీ కాంపౌండులోనే కారు షెడ్డు పక్కన ఈ ఇల్లు ఇచ్చినాడు. దగ్గు నెమ్మదిగా తగ్గింది. మనిషికి ఒంట్లో నెత్తురొచ్చింది. ఆ కారు ఉన్నంతకాలం ఆయన దుమ్ముకు దూరం. అది మా ఇంట్లో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. తెలిసి గూడా చేసినా చూడండి.

ఆ కారును ఆయన కడిగే వైభోగం చూస్తే నాకు ఒళ్లు మండేది. పొద్దున్నే షెడ్డు నీడలోనే పెట్టుకొని, ముందు చెయ్యి తగలకుండా పైనించి నీళ్లు పోస్తాడు. దుమ్మంతా దానంతట అది కారిపోవాలంట. ఆ తర్వాత సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ. ముందునించి వెనక్కి ఒక్కటే గీతగా తుడవాల. గుడ్డ ఇంకో బకెట్లో జాడించుకోని మళ్ల తుడవాల. చక్రాలకు వేరే గుడ్డ, అది ఈ గుడ్డను తాకగూడదు. ఇదంతా మద్రాసు కంపెనీ నించి కారు తోలుకోని వచ్చిన మెకానిక్కు నేర్పించి పోయినాడంట. నన్ను పెండ్లి చేసుకున్నాక ఈ మనిషి ఒక్కనాడన్నా నా వీపు మీద చెంబెడు నీళ్లు పోసినాడా? కారుకు మాత్రం తలంటు.

"గుండ్రంగా రుద్దగూడదు రాహేలూ" అంటాడు.

"నేను పొద్దుగూకులూ గుండ్రంగా రుద్దితేనే గదా పలక నున్నగయ్యేది. నీ కారు రాయి కంటే గట్టిదా?" అన్నాను.

"రాయికి తోలు లేదు. దీనికి ఉంది. ఆ రంగు మీద సన్నంగా తోలు మాదిరి ఉంటాది, అది గీసుకుంటే మళ్ల రాదు."

కారుకు తోలంట అని ఆ పొద్దంతా ఫ్యాక్టరీలో అందరికీ చెప్పి నవ్వించినా.

నా పని మీకు తెలుసు. గనినించి వచ్చిన పలకను ఇసుకా నీళ్లు వేసి రాయితో రుద్దేది, ఆ తర్వాత సన్న పొడితో, తడి గోనెగుడ్డతో మెరుగు పెట్టేది. నా చేతిలో పడిన పలక మీద గరుకు ఉండదు అని మేస్త్రీ నలుగురిలో అంటాడు. ఆ మాటే నన్ను చెడగొట్టింది.

పోయిన నెల కొనకనమిట్లలో మా ఆయన మేనమామ చనిపోయినాడు. కబురొచ్చిన పూటే ఆయన బయలుదేరినాడు. ఎల్లుండి పొద్దున మద్రాసు నించి పలకలు కొనే పెద్ద వ్యాపారి రైల్లో దిగుతాడు, స్టేషనుకు కారు పోవాల, అప్పటికి వచ్చేస్తానని షావుకారుకు చెప్పి, నాకు రెండే మాటలు చెప్పినాడు. షెడ్డు తలుపు తెరిచి పెట్టొద్దు. కారు మీద చెయ్యి వెయ్యొద్దు.

మర్నాడు ఫ్యాక్టరీకి సెలవు. పొద్దున లేచి చూస్తే నా కోడిపెట్ట లేదు. గుడ్లు పెట్టే కోడి. ఇల్లంతా వెతికినా, గంపలు ఎత్తి చూసినా, పక్కింటోళ్ల మీద అనుమానపడి వాళ్ల పొయ్యి వైపు గూడా తొంగి చూసినా. ఆఖరికి షెడ్డులో నించి కొక్కొక్కొ అని వినపడింది. ముందురోజు సాయంత్రం కట్టెల కోసం పోయి, తలుపు గడియ వేసేది మరిచినట్టున్నా. లోపలికి పోయి చూస్తే కారు బానెట్టు మీద కూర్చోనుంది. రాత్రంతా ఆడనే కాపురం చేసినట్టుంది, చుట్టూ రెట్ట. ఎండిపోయి గట్టిగా అతుక్కోని ఉంది.

నేను ఆ పొద్దు చెయ్యాల్సిందల్లా దాని మీద చెంబెడు నీళ్లు పోసి, ఆ రెట్ట నానిందాకా కూర్చోవడమే. నా మొగుడు రోజూ నా కండ్ల ముందర చేసేది అదే. కానీ నాకు ఓపిక యాడిది? కింద పలక ముక్క కనపడింది. తీసుకోని గీకినా. రెట్ట లేచొచ్చింది, దానితో పాటు గీత గూడా పడింది.

ఆ గీతను వేలితో తడిమి చూసినా. ఆయన వచ్చి ఏమంటాడో అనే భయం కంటే, షావుకారు ఏం చేస్తాడో అనే భయం. గని గుర్తొచ్చింది. దగ్గు గుర్తొచ్చింది. మనసు ఆగిపోయింది గానీ చేతులు ఆగలేదు. పలక మీద గీత పడితే ఏం చేస్తాం? సన్న పొడి వేసి రుద్దుతాం. పోయి ఫ్యాక్టరీలో నించి గుప్పెడు పొడి, తడి గోనెపట్టా తెచ్చుకున్నా. కొంగు నడుముకు బిగించి కూర్చోని, రోజూ రుద్దినట్టే, గుండ్రంగా, మెత్తగా, ఎంతో ప్రేమగా రుద్దినా.

గీత పోయింది. పోయింది గానీ, ఆ చోటు ఒక మాదిరి, తక్కిన చోటు ఒక మాదిరి కనపడింది. సరే ఒకే తీరుగా ఉండాల గదా అని బానెట్టు అంతా రుద్దినా. అప్పుడు తలుపులు వేరే తీరుగా కనపడినాయి. తలుపులు రుద్దినా. ఈ పక్క రుద్ది ఆ పక్క వదిలేస్తే ఎట్ల? ఆ పక్క గూడా రుద్దినా. మధ్యాన్నానికి షావుకారు కారంతా నా చేతికింద పోయింది. నీళ్లు పోసి చూస్తే, అబ్బ, ఏం మెరుపు! అందులో నా మొకం చూసుకోని కొప్పు సర్దుకున్నా. ఆయన రోజూ ఇంతసేపు కడుగుతాడు, ఒక్కనాడన్నా ఈ మెరుపొచ్చిందా అనుకోని, పోయి హాయిగా సంగటి తిన్నా.

తిరిగి వచ్చేసరికి కారు ఆరింది. ఎండ తలుపులోనించి ఏటవాలుగా దాని మీద పడుతా ఉంది. చూసినా. గీతలక్కా. గుండ్రాలు గుండ్రాలు, ఒకదాని మీద ఒకటి, ఒకదాని లోపల ఒకటి, బానెట్టు నించి వెనక డిక్కీ దాకా సాలెపురుగు గూడు అల్లినట్టు. ఏ పక్కనించి చూస్తే ఆ పక్కకు తిరుగుతా ఉన్నాయి ఆ గుండ్రాలు.

తడి మీద చూసి ఏ పలకా బాగుందనుకోవద్దు, ఆరనిచ్చి ఎండకు పట్టి చూడాల అని కొత్తగా పనిలోకి వచ్చినోళ్లకు చెప్పేదే నేను. అందరికీ చెప్తా. నాకు నేను చెప్పుకోలేదు. షెడ్డులో నేల మీద కూలబడినా. ప్రభువా, ఆయన్ని మళ్ల ఆ దుమ్ములోకి నేనే తోసినానే అని ఏడుపొచ్చింది.

ఏడ్చి లేచి ఇంట్లో ఉన్న ఆముదం తెచ్చి పూసినా. పూసినప్పుడు గీతలు కనపడలేదు, ప్రాణం లేచొచ్చింది. గాలి తోలింది. ఫ్యాక్టరీ దుమ్మంతా వచ్చి ఆముదం మీద కూర్చుంది. మళ్ల కుంకుడుకాయ నలగ్గొట్టి ఆ జిడ్డు వదిలించేసరికి, ఆ దుమ్ముతోనే ఇంకొన్ని గీతలు పడినాయి. కడగడమంటే దుమ్మును గుడ్డతో రుద్దడం కాదు, నీళ్లతో పంపించడం అని ఆయన ఎందుకు మొత్తుకున్నాడో అప్పుడు తెలిసింది.

మా పక్కింటి ఎస్తేరు వదిన వచ్చింది. బడిలో ఊడ్చే పని ఆమెది, సెలవుల్లో నల్లబల్లలకు నలుపు పెట్టేది గూడా ఆమే. చుట్టూ తిరిగి చూసి, "ఓస్, ఇంతేనా" అనింది. "నల్లబల్ల మీద గీతలు పడితే ఏం చేస్తాం? దొండాకు పసరు, బొగ్గుపొడి, కోడిగుడ్డు తెల్లసొన కలిపి పూస్తాం. కారు నలుపే గదా. నలుపు మీద నలుపు."

నాకు అది దేవుడు పంపిన మాట మాదిరి వినిపించింది. బొగ్గు నూరినాం. దొండాకు ఎస్తేరు వదిన దొడ్లో నించే తెచ్చినాం. గుడ్లు నా కోడివే. అది చేసిన తప్పుకు అదే గుడ్లు ఇచ్చింది, దానికున్న బుద్ధి గూడా నాకు లేకపోయింది. ఇద్దరం కలిసి పూసినాం. మెరుపు పోయింది గానీ, ఒక్క గీత కనపడితే ఒట్టు. చిక్కటి నలుపు. చెయ్యి పెడితే నున్నగా ఉంది. తలుపు గడియ ఈసారి గట్టిగా వేసినా.

ఆ మర్నాడు పొద్దున బస్సు ఆలస్యమై, ఆయన దిగేసరికి రైలు టైమయింది. షావుకారు మనిషి వాకిట్లో నిలబడి కేకలేస్తా ఉన్నాడు. ఆయన గబగబా కాకీ చొక్కా తొడుక్కోని షెడ్డులోకి పోయినాడు. లోపల చీకటి. కారును చూసి ఆగినాడు.

"కడిగినావా?"

"దుమ్ము తుడిచినా, అంతే" అన్నాను.

నా చేతుల వైపు చూసినాడు. మోచేతుల దాకా నలుపు. "కుంపటి బొగ్గు" అని వెనక్కి పెట్టుకున్నా. ఆయన ముందరికి పోయి హ్యాండిలు తిప్పి కారు స్టార్టు చేసుకోని పోయినాడు. నా మాట నమ్మినాడు. అన్నిటికంటే అదే నన్ను ఇప్పటికీ పొడుస్తాంది.

తర్వాత సంగతి ఆయన చెబితే తెలిసింది. స్టేషను కాడికి పోయేసరికి ఇంజను వేడెక్కింది. బానెట్టు కాలింది. దాని మీద నేను పూసిన తెల్లసొన కాలింది. తిరిగొచ్చేటప్పుడు దోవ పొడుగునా గుడ్డట్టు వాసన. వెనక సీట్లో మద్రాసు వ్యాపారి, ఆయన పక్కన మా శెట్టిగారు, ఇద్దరూ ఇంట్లో ఉల్లిగడ్డ గూడా తాకని మనుషులు. శెట్టిగారు ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకోని, "ఎవురి ఇంట్లోరా ఈ వంట?" అని దోవలో ఇల్లు కనపడినప్పుడల్లా అడిగినాడంట. ఇండ్లు అయిపోయి మెట్టచేలు వచ్చినాయి. వాసన మాత్రం వెంటబడి వస్తా ఉంది.

కారు వచ్చి ఫ్యాక్టరీ ముందర ఆగినప్పుడు నేను ఎండలో పలకలు ఆరబెడతా ఉన్నా. వ్యాపారి దిగినాడు. ఇస్త్రీ పంచె, మల్లెపువ్వు మాదిరి తెలుపు. జేబులో బలపాలు. పలకల వ్యాపారం చేసే మనిషికి అదొక అలవాటు ఉంటాది, నల్లగా నున్నగా ఏది కనపడినా ఒక గీత గీసి చూడాల. నేను ఆరబెట్టిన వాటిలో ఒక పలక తీసుకోని బలపంతో గీసినాడు, పెదవి విరిచినాడు. ఇంకొకటి తీసుకోని గీసినాడు. శెట్టిగారు కాఫీ చెప్పేదానికి లోపలికి తిరిగినాడు. వ్యాపారి ఏదో ఆలోచించుకుంటా కారుకు ఆనుకున్నాడు. చెయ్యి బానెట్టు మీద పెట్టినాడు. ఆ నున్నదనం తగిలిందేమో, కిందికి చూసినాడు. జేబులో నించి బలపం తీసినాడు. ఒద్దయ్యా ఒద్దు అనుకుంటా చేతిలోని పలకను గట్టిగా పట్టుకున్నా.

కారు మీద శ్రీ అని రాసినాడు. తెల్లగా, స్పష్టంగా, ఏ గీతా తెగకుండా పడింది. బడిపిల్లోడు రాసినా అంత బాగా పడదు.

"ఏమండీ శెట్టిగారూ" అని పిలిచినాడు, "మీ పలకల కంటే మీ కారు మీదే రాత బాగా పడుతోంది. ఈ నలుపేదో వాటికే పెట్టించరాదూ?"

శెట్టిగారు బయటికొచ్చి చూసినాడు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలీని మొకం పెట్టి, ఉత్తరీయంతో ఆ శ్రీని తుడిచినాడు. శ్రీ పోలేదు, ఉత్తరీయం నల్లగయింది. అప్పుడు వ్యాపారి కారు మీద నించి లేచినాడు. ఆయన పంచె వెనకంతా బొగ్గు. ఆనుకున్న ఆకారం ఆకారంగా కారు మీద ఉంది, ఆ ఆకారంలో నా గుండ్రాలన్నీ ఎండకు మెరుస్తా ఉన్నాయి.

"ఏందిరా ఇది దానియేలూ?" అన్నాడు శెట్టిగారు.

మా ఆయన కారు వైపు చూసినాడు. ఆరబెట్టిన పలకల మధ్యలో నిలబడిన నా వైపు చూసినాడు. అంతా అర్థమయింది. తలొంచుకోని, "నేనే కడిగినానయ్యా" అన్నాడు.

అప్పుడు నా కాళ్లు కదిలినాయి. పోయి శెట్టిగారి ముందర నిలబడి, "ఆయన ఊళ్లోనే లేడయ్యా, ఇది నా పని" అని కోడి కాడ మొదలుపెట్టి గుడ్డు దాకా అన్నీ చెప్పినా. వ్యాపారి మొకం పక్కకు తిప్పుకున్నాడు, భుజాలు ఎగురుతా ఉన్నాయి. గుడ్డు మాట వినంగానే శెట్టిగారు నల్లగయిన ఉత్తరీయాన్ని దూరంగా పారేసినాడు.

"ఎవరు రుద్దితే నాకేంది?" అన్నాడు. "బండి నేను పెట్టింది నీ చేతిలో దానియేలూ. దీని మొకం మళ్ల దీనికి వచ్చిందాకా నువ్వు స్టీరింగు ముట్టుకోవద్దు. పగలు గనికి పో. పని దిగినంక వచ్చి దీని గీతలు తియ్యి."

గని మాట వినంగానే నేను శెట్టిగారి కాళ్ల మీద పడినా. శెట్టిగారు లోపలికి పోయినాడు.

నవ్వుతా చెప్తా ఉన్నా గానీ అక్కా, ఆ రోజులు నాకు తలుచుకోబుద్ధి గాదు. పొద్దున తట్ట ఎత్తుకోని పొయ్యేవాడు. సాయంత్రం పాత దుమ్ముమొకంతో వచ్చేవాడు. దగ్గు గూడా తిరిగొచ్చింది. ఒక్క మాట అనలేదు నన్ను, తిట్టినా బాగుండు. నీళ్లు పోసుకోని నేరుగా షెడ్డుకు పొయ్యేవాడు. నా నలుపంతా నీళ్లతో నానబెట్టి నానబెట్టి వదిలించినాడు. కారుతో పాటు మద్రాసు నించి ఒక మెరుగు డబ్బా వచ్చింది, అందులో ముద్ద కొంచెం తీసి అరచేయంత చోట పెట్టి, ఒక్క వైపే మెల్లగా తుడిచేవాడు. గుడ్డతో తీసి, తల వంచి ఏటవాలు ఎండలో చూసేవాడు. గీతలు తగ్గితే పక్క చోటుకు పొయ్యేవాడు. ఎక్కువ రుద్దితే రంగు అరిగిపోతాదంట. ఎండ పోతే ఇంక ఏమీ కనపడదు, ఆ పొద్దుకు అంతే.

"ఇంతకంటే మెత్తని గుడ్డ ఉందా?" అని ఒకనాడు అడిగినాడు. ఆయన నన్ను అడిగింది అదొక్కటే. పెట్టెలో నా పెండ్లి చీర ఉంది, తెల్ల మల్లుచీర, సన్న నూలుది, ఉతికి ఉతికి వెన్న మాదిరి అయింది. చింపి ఇచ్చినా. తీసుకోని, కొంచెంసేపు చేతిలో పట్టుకోని, తుడిచేది మొదలుపెట్టినాడు. ఆ చీర అంతా ఇప్పుడు నల్ల పేలికలు. దాని గురించి నాకు బాధ లేదు. పక్కన నిలబడి ఆ దగ్గు వింటా ఉండేదాన్ని, అది మాత్రం ఓర్చుకోలేకపోయినా.

పోయిన వారం శెట్టిగారు సాయంత్రం ఎండలో కారు చుట్టూ తిరిగినాడు. వంగి చూసినాడు, కూర్చోని చూసినాడు. బానెట్టు అంచున ఒక చోట నల్లరంగు అరిగి అడుగు పూతలోని ఎరుపు కనపడతాంది, దాని మీద వేలు పెట్టినాడు.

"ఇది ఇట్లే ఉండనీ" అన్నాడు శెట్టిగారు. "ఇది చూసినప్పుడల్లా నాకు నీ పెండ్లాం గుర్తుకు రావాల." అని కారు తాళం తీసి ఆయన చేతిలో పెట్టినాడు.

ఆ సాయంత్రమే మా ఆయన బలపం ముక్క తెచ్చి షెడ్డు వాకిట బండ మీద ఈ కొననించి ఆ కొన దాకా గీత గీసినాడు. అన్నాళ్లకు మొదటిసారి మొకంలో నవ్వు.

"ఇది దాటి నువ్వు రాగూడదు" అన్నాడు.

"సరే. కోడి?"

"కోడి రావొచ్చు. అది చేసింది నీళ్లు పోస్తే పోతాది."

అదీ అక్కా ఆ గీత కథ. ఇప్పుడు పొద్దున ఆయన కారు కడిగేటప్పుడు నేను టీ గ్లాసు గీత ఈ పక్కనే పెట్టి వచ్చేస్తా. మధ్యమధ్యలో ఇంకా దగ్గుతాడు, డాక్టరమ్మ తగ్గుతాదిలే అనింది. నా కోడిపెట్ట మాత్రం నా ముందరే గీత దాటి లోపలికి పోయి, వెనక్కి తిరిగి నన్ను చూస్తాది.